చిన్నపిల్లలకు వంటింటి మూలికలు: ఏ వయసుకు ఏది, ఎంత, ఎలా

ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్లలోని తల్లులు, అమ్మమ్మలు పదేపదే అడుగుతున్న ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాము నీళ్లు ఎన్ని చెంచాలు పట్టాలి? తులసి ఏ వయసు నుంచి ఇవ్వాలి? వస పోయవచ్చా? పక్కింటి ఒడియావారు జువాణి (వాము) మూట వేడిచేసి కాపడం పెడుతున్నారు, మేమూ పెట్టవచ్చా? ఒక్కొక్కరికి విడిగా జవాబు చెప్పే బదులు, మొదటి నుంచి చివరిదాకా పాటించవలసిన వరుసను ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ఒక మాట ముందే స్పష్టం చేయాలి. ఇందులోని మూలికలన్నీ తేలికపాటి జలుబు, కడుపు ఉబ్బరం, మందగించిన ఆకలి వంటి రోజువారీ ఇబ్బందులలో కొంత హాయి కలిగించేవే తప్ప, జబ్బును నయం చేసే మందులు కావు. ఈ తేడా మనసులో ఉంటే తక్కిన జాగ్రత్తలు సులభంగా పట్టుబడతాయి.

1. మూలిక కన్నా ముందు వయసు చూడాలి

ఆరు నెలలు నిండే వరకు బిడ్డ నోటికి తల్లిపాలు, డాక్టరు రాసిన చుక్కల మందు తప్ప మరేదీ తగలకూడదు. మంచినీళ్లు కూడా అక్కరలేదు. పసికందు కడుపు చాలా చిన్నది కాబట్టి రెండు చెంచాల వాము నీళ్లు పడితే ఆ మేరకు పాలు తగ్గుతాయి. పైగా ఆ నీటితో, ఆ చెంచాతో వచ్చే క్రిములు అదనం. ఉగ్గుగిన్నెలో ఆముదం పట్టే అలవాటుకు, అంగట్లో దొరికే గ్రైప్ వాటరుకు కూడా ఇదే నియమం.

ఆరు నెలల నుంచి ఏడాది వరకు మూలిక అన్నంలో, పప్పులో ఉడికిన రూపంలోనే వెళ్లాలి. జీలకర్ర, ధనియాలు, కరివేపాకు, మునగాకు, చిటికెడు పసుపు ఈ వయసుకు చాలు. కషాయాలు వద్దు. తేనె అసలే వద్దు. తేనెలో ఒక్కోసారి ఉండే బొటులినం అనే క్రిమి బీజాలు ఏడాది లోపు పిల్లల పేగులో మొలకెత్తి విషాన్ని పుట్టించగలవు. మన పొయ్యి మీద కాచినంత మాత్రాన ఆ బీజాలు చావవు.

ఏడాది దాటాక దగ్గుకు తేనె, పలుచని తులసి నీళ్లు ఇవ్వవచ్చు. వాము నీళ్లు, అల్లం రెండేళ్లు దాటాకనే మంచివి. సోంపును కూరలో వాడుకోవచ్చు గాని, సోంపు కషాయాన్ని నాలుగేళ్ల లోపు పిల్లలకు ఐరోపా ఔషధ సంస్థ సిఫారసు చేయడం లేదు కనుక నేనూ అంతవరకు ఆగమంటాను.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, మూర్ఛకు గాని గుండెకు గాని మందులు వాడుతున్న పిల్లలు, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు) లేదా జి6పిడి (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్న పిల్లల విషయంలో డాక్టరును అడగనిదే ఏదీ మొదలుపెట్టకూడదు. మన కొండ ప్రాంతాల్లో సికిల్ సెల్ అరుదైనదేమీ కాదు కాబట్టి, రక్తపరీక్ష కాగితం ఇంట్లో ఉంటే ఒకసారి తీసి చూసుకోవడం మంచిది.

2. ఇవి కనిపిస్తే పొయ్యి వెలిగించకండి, బయలుదేరండి

కషాయం కాస్తూ కూర్చున్న రెండు గంటలు కొన్నిసార్లు చాలా ఖరీదైనవి అవుతాయి. కింది వాటిలో ఒక్కటి ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయాలి.

- మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరం
- పాలు తాగకపోవడం, తాగిందంతా కక్కేయడం
- మూర్ఛ, లేపినా లేవనంత మగత
- ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి లాగుకుపోవడం
- మలంలో రక్తం, ఆకుపచ్చని వాంతి
- కళ్లు లోతుకు పోవడం, ఆరేడు గంటలుగా మూత్రం లేకపోవడం

ఊపిరి వేగాన్ని లెక్కపెట్టడం ప్రతి ఇంట్లో ఒకరికైనా రావాలి. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు గాని, ఒళ్లో నెమ్మదిగా ఉన్నప్పుడు గాని చొక్కా పైకెత్తి, గడియారం ముల్లు చూస్తూ పూర్తి 60 సెకన్లు పొట్ట ఎన్నిసార్లు లేచిందో లెక్కించాలి. ఏడుస్తున్నప్పుడు లెక్క కుదరదు. 15 సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేస్తే తప్పుతుంది. రెండు నెలల లోపు 60, రెండు నుంచి పన్నెండు నెలల లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, లేదా అంతకు మించి ఉంటే అది వట్టి జలుబు కాదు, న్యుమోనియా కావచ్చు. అప్పుడు తులసి పని లేదు.

3. సరుకు తెచ్చుకోవడం, డబ్బాలకు పేర్లు రాయడం

సంతలో సరుకు పేరు ఒడియాలో చెబుతారు, ఇంట్లో తెలుగులో పిలుస్తాం. పొరపాట్లు ఇక్కడే మొదలవుతాయి. వాము జువాణి, సోంపు పానమహురి, పసుపు హళది, అల్లం అదా, మునగ సజనా, కరక్కాయ హరిడా, వస బచ. మా ఇంట్లో పెద్దావిడకు తెలుగు అక్షరాలే వచ్చు, పిల్లలు చదివేది ఒడియా బడిలో. కొన్నేళ్లు డబ్బాల మీద ఎవరికి వచ్చిన లిపిలో వారు రాశాం; ఒక సాయంత్రం వాము అనుకుని పెద్దావిడ తీసిన డబ్బాలో పిల్లలు చిత్రం అతికించడానికి దాచుకున్న ఏవో అడవి గింజలు ఉన్నాయి. వాసన చూసి ఆగింది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి ప్రతి డబ్బా మీద పేరు రెండు లిపుల్లోనూ, కొన్న నెలతో సహా రాస్తున్నాం.

కొనేటప్పుడు చూడవలసినవి:

- గింజ పూర్తిగా ఉండాలి. పొడిని కాక గింజనే కొని ఇంట్లో దంచుకోవాలి.
- అరచేతిలో నలిపితే వాసన రావాలి, రాకపోతే పాతది.
- బూజు, పురుగు, తడి అంటిన ముద్ద ఉంటే మొత్తం పారేయాలి, ఏరుకోకూడదు.
- పేరు తెలియని వేరును, బెరడును, పొట్లంలో కట్టిన పొడిని పిల్లల కోసం కొనకూడదు.

పసుపు గురించి మరో రెండు మాటలు. కంధమాళ్ పసుపుకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచి సరుకు మనకు దగ్గరలోనే దొరుకుతుంది. అయినా కొమ్ములు మెరవడానికి కొన్నిచోట్ల సీసం కలిసిన పసుపుపచ్చ రంగు పూస్తారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఒక కొమ్మును గ్లాసు నీటిలో వేసి చూడండి. నీరు వెంటనే చిక్కటి పసుపు రంగుకు తిరిగితే ఆ సరుకు వదిలేయాలి. తిరగకపోతే పూర్తిగా నిఖార్సని కాదు, కంటికి కనిపించే మోసం లేదని మాత్రమే అర్థం. మరీ మెరిసే కొమ్ముల కన్నా మట్టి రంగులో గరుకుగా ఉన్నవే నాకు నచ్చుతాయి.

పచ్చి ఆకుల విషయంలో స్థలం ముఖ్యం. గుణుపురం, బిసంకటకు వైపు పత్తి ఎక్కువ. చేను గట్టున ఉన్న తులసి, మునగ మీద పురుగుమందు పడుతుంది కనుక అక్కడివి కోయకూడదు. రోడ్డు పక్కవీ వద్దు. పెరట్లో ఒక కుండీ తులసి, ఒక కుండీ వామాకు పెంచుకుంటే సరిపోతుంది. వామాకు మందంగా, నూగుతో ఉండే వేరే మొక్క. వాము గింజ ఈ మొక్కది కాదు. ఆకును మూడుసార్లు పారే నీటిలో కడిగి, చివర కాచి చల్లార్చిన నీటితో మరోసారి కడగాలి.

4. కొలత ఒక్కటే ఉండాలి

"చెంచాడు" అన్న మాట ఇంటింటికీ మారుతుంది. టీ చెంచా, పప్పు చెంచా, పూజ ఉద్ధరిణి, ఏది చేతికి అందితే అది కొలత అవుతోంది. మందుల సీసాతో వచ్చే 5 మిల్లీలీటర్ల మూతను గాని చెంచాను గాని కడిగి ఆరబెట్టి, మూలికల డబ్బాల మధ్యే ఉంచండి. ఈ మార్గదర్శిలో చెంచా అంటే ఆ 5 మిల్లీలీటర్లే. చిటికెడు అంటే బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టేంత, మూడు వేళ్లకు పట్టేంత కాదు.

5. కొత్తది ఒక్కటే, మూడు రోజులు

ఒకే రోజు తులసి, మిరియం, అల్లం, పసుపు కలిపి కాచి పోస్తే, ఒంటి మీద దద్దుర్లు లేచినప్పుడు దేనివల్లో చెప్పలేం. కాబట్టి కొత్త మూలికను ఒంటరిగా, ఉదయం పూట, చెప్పిన మోతాదులో సగంతో మొదలుపెట్టి మూడు రోజులు చూడాలి. ఉదయం ఎందుకంటే, ఏదైనా పడకపోతే పగలంతా కనిపెట్టుకుని ఉండవచ్చు, డాక్టరు అందుబాటులో ఉంటాడు.

దద్దుర్లు, వాంతి, నీళ్ల విరేచనం, మూతి చుట్టూ ఎరుపు కనిపిస్తే ఆపేయాలి. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి. "ఇంకోసారి తక్కువగా ఇచ్చి చూద్దాం" అనుకోకూడదు.

6. తయారీలు

అ) జీలకర్ర, మునగాకు పప్పుకట్టు (అన్నం అలవాటైన బిడ్డకు)

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, ఎందుకంటే ఇది మందు కాదు, భోజనం. రెండు చెంచాల పెసరపప్పును దోరగా వేయించి, మెత్తగా ఉడకనివ్వాలి. లేత మునగాకు రెబ్బ ఒకటి, ఈనెలు తీసి, సన్నగా తరిగి, పప్పులో మరో పది నిమిషాలు ఉడికించాలి. చిటికెడు వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు పసుపు, అర చెంచా నెయ్యి వేసి మెత్తగా మెదిపి అన్నంలో కలపాలి. ఏడాది లోపు బిడ్డకైతే ఉప్పు వేయనక్కరలేదు.

ఆకు ముదిరితే చేదెక్కి బిడ్డ ఉమ్మేస్తుంది. అలా జరిగితే ఆకు సగానికి తగ్గించండి, బెల్లం కలపకండి.

ఆ) తులసి నీళ్లు (ఏడాది దాటాక, జలుబు చేసినప్పుడు)

కడిగిన నాలుగు ఆకులను ఒక గ్లాసు నీటిలో వేసి, మూతపెట్టి ఐదు నిమిషాలు సన్నని సెగ మీద మరిగించి, దించి, వడకట్టాలి. గోరువెచ్చగా రెండు చెంచాలు, రోజుకు రెండుసార్లు, మూడు రోజులకు మించకుండా ఇవ్వాలి. మిగిలినది సాయంత్రానికి పారబోయాలి. మన తీరపు ఉక్కలో రాత్రికి పులుస్తుంది. నిన్నటి కషాయాన్ని మళ్లీ మరిగించి ఇవ్వడం పొదుపు కాదు.

ఇ) తేనె (ఏడాది దాటాక, రాత్రి దగ్గుకు)

ఐదేళ్ల లోపు పిల్లలకు అర చెంచా, పెద్ద పిల్లలకు ఒక చెంచా, పడుకోవడానికి అరగంట ముందు నేరుగా నాకించాలి. మిరియాల పొడి కలపనక్కరలేదు. గొంతులో మంట పుట్టి దగ్గు పెరుగుతుంది. తరువాత పళ్లు తోమించాలి, ఈ ఒక్క మెట్టును దాదాపు అందరూ మరిచిపోతారు. అంగడిలో అడగగానే ఇచ్చే జలుబు సిరప్‌ల కన్నా చిన్నపిల్లలకు ఇదే మేలు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మిశ్రమాలను నాలుగేళ్ల లోపు వారికి వాడరాదని 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ విభాగం చెప్పింది.

ఈ) వాము నీళ్లు (రెండేళ్లు దాటాక, కడుపు ఉబ్బరానికి)

పావు చెంచా వామును పొడి మూకుడులో వాసన వచ్చే వరకు వేయించి, ఒక గ్లాసు నీరు పోసి, ముప్పావు గ్లాసు అయ్యే వరకు కాచి వడకట్టాలి. భోజనం తరువాత రెండు చెంచాలు. ఆ రోజుకు ఇంకొకసారి ఇవ్వవచ్చు, అంతే. వాము ఘాటు, గింజలు ఎక్కువైతే కడుపులో మంట పుడుతుంది, బిడ్డ ఇంకా ఏడుస్తుంది, పెద్దలు ఇంకా పోస్తారు.

ఉబ్బరం వారంలో మూడుసార్లు వస్తుంటే వాము డబ్బా మూసి, బిడ్డ తింటున్నది చూడండి. బిస్కట్లు, మిక్చరు, రోజుకు నాలుగు గ్లాసుల పాలు, గట్టిపడిన విరేచనం, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది.

అల్లం గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. రెండేళ్లు దాటిన పిల్లలకు చారులో చిన్న ముక్క దంచి వేస్తే సరిపోతుంది, విడిగా రసం తీసి పట్టనక్కరలేదు.

7. ఒంటి మీద వాడేవి

వాము మూట మన రెండు భాషల ఇళ్లలోనూ ఉంది. రెండు చెంచాల వామును వేయించి, మెత్తటి పాత పంచె గుడ్డలో మూటకట్టి, మీ మణికట్టు లోపలి వైపు పది లెక్కపెట్టేంతసేపు ఆనించి చూడాలి. మీకు హాయిగా అనిపిస్తేనే బిడ్డ అరికాళ్లకు, వీపుకు చొక్కా మీదుగా తాకించి తీయాలి. మూటను పక్కలో వదిలి నిద్రపుచ్చకూడదు, ముక్కు దగ్గర పెట్టకూడదు.

మా పెద్దవాడికి పది నెలలప్పుడు ఈ మణికట్టు పరీక్ష చేయకుండా నేనే మూకుట్లోంచి తీసిన మూటను అరికాలికి ఆనించాను. బయట గుడ్డ గోరువెచ్చగానే ఉంది. గింజలు వేడిని లోపల దాచుకుంటాయని, ఒత్తిన కొద్దీ ఆ వేడి బయటకు వస్తుందని నాకప్పుడు తోచలేదు. రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ వారం రోజులు ఉంది. అందుకే మూట కట్టాక రెండు నిమిషాలు ఆగి, చేతిలో బాగా పిసికి, ఆ తరువాత మణికట్టు మీద చూడమంటున్నాను.

మర్దనకు కొబ్బరినూనె చాలు. ఆవనూనె మన పక్కవారి అలవాటు గాని, పసికందుల చర్మాన్ని అది ఎండబెట్టి రేపుతుందని తేలింది. నూనెను ముక్కులో, చెవిలో, నోట్లో పోయకూడదు. ఊపిరితిత్తులలోకి జారితే న్యుమోనియా వస్తుంది. ముక్కు దిబ్బడకు మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు వాడండి. గిన్నెడు మరిగే నీటి ముందు పిల్లలను కూర్చోబెట్టి దుప్పటి కప్పడం వల్ల వచ్చేది ఉపశమనం కన్నా కాలిన గాయమే.

8. పిల్లల అలమరలో ఉండకూడనివి

వస గురించి మొదట చెప్పాలి. మాటలు త్వరగా రావాలని వస అరగదీసి నాకించడం, ఆగకుండా మాట్లాడే పిల్లను వసపిట్ట అనడం మనకు అలవాటే. కానీ వసలోని బీటా-అసరోన్ అనే పదార్థం హానికరమని అమెరికా 1968లోనే దానిని ఆహారంలో నిషేధించింది. పసిపిల్లలకు దానివల్ల తీవ్రమైన వాంతులు వస్తాయి. తేనెలో అరగదీస్తే ప్రమాదం రెండింతలు. "ఒక్క చుక్కకు ఏమవుతుందమ్మా, మీకూ పోశాంగా" అనే పెద్దలతో వాదన పెట్టుకునే బదులు, బారసాల నాడు వస కొమ్మును బిడ్డ చేతికి తాకించి పళ్లెంలో పెట్టేస్తే సరి అని మా ఇంట్లో ఒప్పించాం.

- కర్పూరం: చిన్న ముక్క మింగినా మూర్ఛ రావచ్చు. కొబ్బరినూనెలో కరిగించి ఛాతీకి రాయడం రెండేళ్ల లోపు వద్దు.
- నీలగిరి తైలం: తాగితే విషం, చిన్నపిల్లల ముక్కు దగ్గర రాయకూడదు.
- వేపనూనె: పసిపిల్లలకు తాగిస్తే మెదడు దెబ్బతిన్న ఉదంతాలు ఉన్నాయి.
- వెల్లుల్లి ముద్ద చర్మానికి కట్టడం: బొబ్బలు లేస్తాయి.
- పసికందుకు గోరింటాకు: జి6పిడి లోపం ఉంటే రక్తకణాలు పగిలిపోతాయి.
- కాటుక: చాలా రకాలలో సీసం ఉంటుంది.
- చిరునామా, లైసెన్సు సంఖ్య లేని మాత్రలు, భస్మాలు.
- సాంబ్రాణి పొగ: ఊపిరితిత్తులకు పొగ పొగే.

బిడ్డ వీటిలో ఏదైనా మింగితే వేలు పెట్టి వాంతి చేయించకూడదు. నోరు తుడిచి, ఆ డబ్బాను వెంట తీసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. కడుపునొప్పికి పొట్ట మీద వాతలు పెట్టించడం కొన్ని పల్లెల్లో ఇంకా ఉంది. అది వైద్యం కాదు, కాలిన గాయం.

9. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

విరేచనాలకు ముందుగా దానిమ్మ తొక్క కషాయం ఇవ్వడం. సవరణ: ముందు ఓఆర్‌ఎస్. ఒక పొట్లాన్ని మొత్తంగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి, సగం పొట్లం అర లీటరుకు అని అంచనాతో వేయకూడదు. రెండేళ్ల లోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్ద పిల్లలకు 100 నుంచి 200, చెంచాతో నెమ్మదిగా. కలిపిన నీరు 24 గంటలు దాటితే పారబోయాలి. పొట్లాలు, జింకు మాత్రలు ఆశా దీదీ దగ్గర దొరుకుతాయి. జింకు 14 రోజులు ఆపకుండా వేయాలి. పొట్లం మీది ఒడియా అక్షరాలు రాకపోతే కొలతను ఆమెతోనే చదివించుకుని తెలుగులో రాసుకోండి.

బిడ్డను పడుకోబెట్టి, ముక్కు మూసి పోయడం. సవరణ: ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, బుగ్గ లోపలి వైపు కొంచెం కొంచెంగా పోయాలి. ఏడుస్తుంటే ఆగాలి. ఊపిరితిత్తుల్లోకి పోయిన కషాయం జలుబు కన్నా పెద్ద జబ్బు.

డాక్టరు మందును, కషాయాన్ని ఒకేసారి ఇవ్వడం. సవరణ: రెంటికీ కనీసం రెండు గంటల ఎడం ఉంచి, కషాయం సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి. కోప్పడతారని భయపడి చెప్పనివారు చాలామంది.

జలుబు తగ్గినా "బలానికి" అని కొనసాగించడం. సవరణ: మూడు రోజుల తరువాత ఆపాలి. వారం దాటినా దగ్గు ఉంటే మూలిక మార్చకండి, డాక్టరును చూడండి. రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష కూడా అడగండి.

10. నోటు పుస్తకం

ఒక పాత నోటు పుస్తకాన్ని డబ్బాల పక్కనే మేకుకు కట్టండి. తేదీ, సమయం, ఏది ఇచ్చారు, ఎన్ని చెంచాలు, తరువాత ఏం జరిగింది, ఎవరు ఇచ్చారు, ఈ ఆరు గడులు చాలు. ఉదయం తల్లి ఇచ్చిందని తెలియక మధ్యాహ్నం నాయనమ్మ, సాయంత్రం అత్త ఇవ్వడం ఉమ్మడి ఇళ్లలో మామూలు.

మా పుస్తకంలో ఒక వరుస ఇలా ఉంది: "సాయంత్రం 6:40. తులసి నీళ్లు రెండు చెంచాలు, నాయనమ్మ. ఒక చెంచా ఉమ్మింది. 8:00కి ఊపిరి 32. రాత్రి నిద్ర పట్టింది. రేపు ఉదయం ఒకటే."